బంతి దిగే చోటు

మంచం చక్రాల్లో ఒకటి ఎడమకు లాగుతోంది. మున్సామి నడుమును కాస్త కుడివైపుకు ఒరగేసి, ఆ లాగుడును సర్దుకుంటూ, ఎక్స్‌రే గదివైపు పోయే పొడుగాటి వరండాలో మంచాన్ని తోసుకుపోతున్నాడు. మంచం మీద తుంటి ఎముక విరిగిన ముసలామె. ఆమె కళ్ళు పైకప్పు దీపాలను దాటుకుంటూ పోయి, మధ్యమధ్యలో ఆయన ముఖం దగ్గర ఆగుతున్నాయి. తలవైపు నిలబడి తోసేవాడి ముఖం పడుకున్నవాళ్ళకు తలకిందులుగా కనిపిస్తుంది. గడ్డం పైన, నుదురు కింద. ఇన్నేళ్ళుగా ఆస్ట్రేలియాలోని ఈ కొండమీది టూవూంబాలో సగంమందిని ఆయన తోసే ఉంటాడు. బజార్లో ఎదురుపడితే ఒక్కరూ గుర్తుపట్టరు. అందుకు కారణం ఇదేనని ఎప్పుడో తేల్చుకున్నాడు, తేల్చుకుని ఊరుకున్నాడు.

గుమ్మం దగ్గర నేల ఎత్తుపల్లంగా ఉంటుంది, కుదుపు తగులుతుందని ముసలామెకు ముందుగా చెప్పి, పిడి బిగించి పట్టుకుని నెమ్మదిగా దాటించాడు. ఆమె కళ్ళు మూసుకుంది.

ఆయన పొట్టి మనిషి. అరవై దాటి చాలా కాలమైంది. నీలంరంగు ఆస్పత్రి చొక్కా భుజాల దగ్గర వదులుగా, పొట్ట దగ్గర బిగుతుగా ఉంటుంది. మెడలో వేలాడే గుర్తింపు కార్డులో ఫొటో వెలిసిపోయి, మీసం ఒక్కటే మిగిలింది. చేతులు మాత్రం ఆ ఒంటికి సరిపోవు. అరచేతులు వెడల్పు, వేళ్ళు లావు. ఎడమచేతి చిటికెన వేలు పక్కకు తిరిగిపోయింది, పిడిని చుట్టుకోదు. కుడిచేతి బొటనవేలి మొదట్లో ఎప్పుడూ దిగని వాపు. కొత్తగా చేరిన నర్సులు చూసి కీళ్ళవాతం అనుకుంటారు. కీళ్ళవాతం కాదు. రెండేళ్ళుగా రోజూ సాయంత్రం ఆకాశంలోంచి పడే బంతిని వట్టిచేతులతో పట్టుకోవడం వల్ల అలా అయ్యాయి.

తెల్లవారుజామున లేచినప్పటినుంచీ వీపులో, రెండు రెక్కల మధ్య బరువుగా ఉంది. దవడ కూడా సలుపుతోంది. నిన్న ఒక బంతి చేతుల్లోంచి జారి రొమ్ముకు తగిలింది, దాని తాలూకు నొప్పేనని ఆయన అనుకున్నాడు. కనీసం అలా అనుకోవడానికి వీలుగా ఉంది.

ఎక్స్‌రే గది తలుపు దగ్గర శ్రీదేవి ఎదురైంది. కాకినాడ నుంచి వచ్చిన నర్సు, ఎముకల వార్డులో పనిచేస్తుంది. కాగితాలు అందుకుంటూ ఆయన ముఖంలోకి చూసి ఆగిపోయింది.

"ఏంటంకుల్, ముఖం అలా ఉంది? ఆ చెమటేంటి, ఇంత చలిలో?"

"ఏం లేదమ్మా. ఈ మంచం చక్రం మొరాయిస్తా ఉంది."

"కూర్చోండి. ఒక్క ఈసీజీ తీయించేద్దాం. ఐదు నిమిషాలు పట్టదు."

"ఈ పొద్దు కాదమ్మా. సందేళకు మా వానికి పరీక్ష ఉండాది. రేపు పొద్దున్నే వస్తా, నువ్వు పట్టుకుని కూర్చోబెట్టు, కూర్చుంటా."

శ్రీదేవి నవ్వలేదు. మామూలుగా అయితే 'సందేళ' అన్న మాటకు ఆమె నవ్వేది. మొదటిసారి ఆయన తెలుగు విన్నరోజు, అచ్చం మా నాయనమ్మ మాటలు అని మురిసిపోయింది. మున్సామి ఇండియాలో ఎన్నడూ కాలు పెట్టలేదు. ఫిజీలో, లంబాసా ఊరి చెరకు తోటల్లో పుట్టాడు. ఇంట్లో ఫిజీ హిందీ, బడిలో ఇంగ్లీషు, తెలుగు మాత్రం తల్లి నోటినుంచి. ఆ తల్లికి ఆమె తల్లి నోటినుంచి. అందుకని అది ఎక్కడా మారకుండా, వాడకం తగ్గి, అలాగే ఉండిపోయింది.

రేపు తప్పకుండా రావాలని శ్రీదేవి మాట తీసుకుంది. ఆయన మాట ఇచ్చాడు. ఇచ్చేటప్పుడు నిలబెట్టుకోవాలనే అనుకున్నాడు.

పరీక్ష అంటే చదువు పరీక్ష కాదు. ఆయన మనవడు కృనేష్ హైస్కూలు చివరి ఏడు చదువుతున్నాడు. ఆరున్నర అడుగుల మనిషి. వంటింట్లోకి వస్తే ట్యూబులైటు తలకు తగలకుండా మెడ వంచుకుంటాడు. ఆ పొడుగు తండ్రి వైపునుంచి వచ్చింది. ఆ తండ్రి లారీ నడుపుతూ మకాయ్ అనే ఊరికి వెళ్ళినవాడు మళ్ళీ ఇంటి ముఖం చూడలేదు. అతను వదిలిపోయినది ఆ పొడుగొక్కటే అని రంజన అంటూ ఉంటుంది. రంజన మున్సామి కూతురు, కృనేష్ తల్లి. వృద్ధుల ఆశ్రమంలో పనిచేస్తుంది.

అమెరికాలో ఫుట్‌బాల్ అంటే కాలితో ఆడేది కాదని మున్సామికి చాలాకాలం నమ్మకం కలగలేదు. చేతులతో బంతి పట్టుకుని, ఒకరినొకరు గుద్దుకుని పడిపోయే ఆట అది. అందులో జట్టుకు ఒకడే ఉంటాడు, పంటర్ అంటారు. జట్టు ముందుకు కదల్లేక చిక్కుబడినప్పుడు వాణ్ణి పిలుస్తారు. వాడు వచ్చి, రెండు కొసలూ మొనదేలిన ఆ బంతిని చేతుల్లోంచి జారవిడిచి, నేల తాకేలోపల ఆకాశంలోకి తన్ని, తిరిగి వెళ్ళి కూర్చుంటాడు. వాడి పని అంతే. ఇక్కడ ఫుటీ అనే ఆస్ట్రేలియా ఫుట్‌బాల్ ఆడుతూ పెరిగిన పిల్లలకు ఆ తన్ను చిన్ననాటినుంచే అలవాటు. పొడుగాటి కాళ్ళున్న కుర్రాళ్ళను వెతికి, సానబట్టి, అమెరికా కాలేజీల జట్లకు చూపించే శిక్షకుడొకడు మెల్‌బోర్న్‌లో ఉన్నాడు, డారెన్ అని. రంజన ఫోనులో తీసిన వీడియో చూసి, బ్రిస్బేన్ వస్తున్నాను, కొండెక్కి వచ్చి మీవాణ్ణి కూడా చూసిపోతానని కబురు పెట్టాడు. ఆ రోజు ఈ రోజే.

తన్నేవాడికి పట్టేవాడు కావాలి. మొదట్లో స్నేహితులు వచ్చేవాళ్ళు. చలికాలం రాగానే మానుకున్నారు. పడమటి గాలికి చెవులు కోసుకుపోయే సాయంత్రాల్లో, బడి మైదానం ఆ చివర నిలబడి, కుడిచెయ్యి పైకెత్తి "ఇక్కడ" అన్నట్టు చూపించడానికి తాత ఒక్కడే మిగిలాడు. ఆ చెయ్యి కనబడిన చోటికి కృనేష్ తన్నేవాడు. బంతి పైకిపోయి, చిన్నదై, కాసేపు కదలనట్టే ఉండి, ఒక్కసారిగా పెద్దదై మీదికి వచ్చేది. ఆయన మోచేతులు దగ్గరికి తీసుకుని, రొమ్ముకు హత్తుకుని పట్టేవాడు. ఆ పట్టు ఆయనకు కొత్త కాదు.

లంబాసాలో పడుచువాడుగా ఉన్నప్పుడు ఆయన కాలితో ఆడే ఫుట్‌బాల్‌లో జిల్లా జట్టుకు గోలీ, అంటే గోల్‌కీపర్. ఆటగాడు అనలేం. రిజర్వు గోలీ. బంతి చేతికందితే జారనివ్వడని ఎంపిక చేశారు, పొట్టివాడని దింపలేదు. జట్టుతో పాటు పడవెక్కి సువా వెళ్ళాడు, బా వెళ్ళాడు, నాండీ వెళ్ళాడు. ప్రతిచోటా బెంచీ మీద కూర్చున్నాడు. అసలు గోలీకి ఎన్నడూ దెబ్బ తగల్లేదు. తగలాలని మున్సామి కోరుకోలేదు కూడా. ఎనభై ఏడులో ఫిజీలో సైన్యం ప్రభుత్వాన్ని కూలదోశాక మనవాళ్ళు ఎవరి దారి వాళ్ళు చూసుకున్నారు. భార్యనూ, చంకలో పిల్ల రంజననూ తీసుకుని ఆయన సిడ్నీ చేరాడు. అక్కడ గోదాముల్లో మూటలు మోసి, ఆ తర్వాత బతుకు చౌక అని ఎవరో చెబితే ఈ కొండమీది ఊరికి వచ్చాడు. ఆస్పత్రిలో మంచాలు తోసే పని దొరికింది. భార్య అదే ఆస్పత్రిలో పోయింది. ఆ రోజు ఆమె మంచాన్ని తోసింది వేరెవరో. ఆయనకు సెలవిచ్చారు.

డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి రంజన తన పనికి బయల్దేరే తొందరలో ఉంది. కొడుకు కోసం ఉడికించిన గుడ్లు, రొట్టెలు, పప్పు బల్లమీద పెట్టి ఉన్నాయి. ఈ ఒక్కరోజుకు సెలవు అడగమని తండ్రి అంతకుముందే చెప్పాడు. అడగలేదంది. దొరకదని కాదు, దగ్గరుండి చూడలేనని. వాడు బాగా తన్నాలని దేవుడికి మొక్కుకున్నాను, బాగా తన్నితే ఏం చేయాలో ఆ దేవుడికి చెప్పలేదు అని, కొడుక్కి వినబడకుండా తండ్రితో అంది. ఆయన తినబోయి, సగం రొట్టె పక్కన పెట్టేశాడు. ఆమె అది చూసింది.

"నాయనా, బాగుండావా?"

"గాలి పట్టింది. నువ్వు పో, ఆలస్యమైతాది."

ఆమె వాకిట్లో చెప్పులేసుకుంటూ ఒకసారి వెనక్కి తిరిగింది. తర్వాత ఆమె కారు వెళ్ళిన చప్పుడయింది.

మైదానానికి పోయే దారిలో, తాత నడిపే కారులో, కృనేష్ ముందుసీటును వీలైనంత వెనక్కి జరుపుకుని, అయినా మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. మామూలుగా వాడి చెవుల్లో పాటలుంటాయి. ఈవేళ లేవు. ఎర్రటి మట్టి గట్లు, పూలు రావడానికి ఇంకా సమయం ఉన్న తోటలు, గాలికి ఒరిగిపోతున్న కర్పూరం చెట్లు కిటికీలోంచి దాటిపోతున్నాయి.

"తాతా, హి సేస్ నో అంటే? యూ విల్ బీ మ్యాడ్?"

"నాకేమిట్రా కోపం. రేపు మళ్ళా పోయి తన్నుకుందాం."

కాస్త దూరం పోయాక మళ్ళీ అడిగాడు. "లంబాసాలో, మీ ఫస్ట్ మ్యాచ్, భయమేసిందా?"

"నేను ఆడలే కదరా. కూర్చునుంటి."

"ఐ నో. కూర్చుంటే ఎలా ఉంటది?"

మున్సామి ఆలోచించాడు. ఇన్నేళ్ళలో ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు.

"చలి" అన్నాడు. "ఆడేవాళ్ళకు తెలియదు. కూర్చున్నోళ్ళకే చలి."

కృనేష్ నవ్వాడు. నవ్వి, ముందుకు వంగి, కారులో హీటరు ఎక్కువ చేశాడు.

డారెన్ అప్పటికే వచ్చి ఉన్నాడు. ఒకప్పుడు పెద్ద ఆటగాడు, ఇప్పుడు మోకాలు బిగుసుకుపోయి కాస్త కుంటుతాడు. మంచివాడిలాగే ఉన్నాడు. తాతా మనవలిద్దరికీ చేయి ఇచ్చాడు. మున్సామి చెయ్యి పట్టుకున్నప్పుడు ఆ వేళ్ళ వంక చూసి, వీడియోలో బంతులు పట్టేది మీరేనా అని అడిగాడు. వెంట ఒక కుర్ర సహాయకుణ్ణి తెచ్చుకున్నాడు. చేతులకు తొడుగులు, బొటనవేలంత స్టాప్‌వాచ్, మైదానం మీద నిలబెట్టే గుర్తులు, అన్నీ ఉన్నాయి వాళ్ళ దగ్గర. మున్సామి అలవాటుగా ఆ చివరికి బయల్దేరబోయాడు. డారెన్ ఆపాడు. ఇవాళ పట్టడానికి మావాడున్నాడు, మీరు హాయిగా కూర్చుని చూడండి, ఆ హక్కు సంపాదించుకున్నారు అన్నాడు ఇంగ్లీషులో. కారు డిక్కీలోంచి ఒక మడత కుర్చీ తీసి, గీత పక్కన గడ్డిలో విప్పి, దుమ్ము దులిపి మరీ వేశాడు. ముదురాకుపచ్చ గుడ్డ కుర్చీ.

మున్సామి కుర్చీ వంక చూశాడు. మైదానం ఆ చివర తను రోజూ నిలబడే చోటు వంక చూశాడు. అక్కడ గడ్డి అరిగి, ఎర్రమట్టి కనబడుతోంది. ఏదో అనబోయి, అది ఇంగ్లీషులో ఎలా అనాలో తోచక, కూర్చున్నాడు.

మొదటి బంతులు సరిగ్గా పోలేదు. గాలి పడమటినుంచి తోస్తోంది. ఒకటి పక్కకు కొట్టుకుపోయింది. ఒకటి కాలికి అడ్డంగా తగిలి, గిలగిల తిరిగి దగ్గరలోనే పడింది. సహాయకుడు అటూ ఇటూ పరుగెడుతున్నాడు, ఉన్నచోట నిలకడగా ఉండడం లేదు. డారెన్ ఏమీ అనకుండా ఫోను పట్టుకుని తీస్తున్నాడు. అనకపోవడమే కృనేష్‌ను బెదరగొట్టింది. వాడి మెడ ముందుకు వంగిపోయింది, భుజాలు ముడుచుకున్నాయి. సిగ్గుపడినప్పుడు ఆ పొడుగంతా దాచుకోవాలని చూస్తాడు, చిన్నప్పటినుంచీ అంతే. బంతి చేతిలో తిప్పుకుంటూ వాడు మైదానం ఆ చివరికి చూశాడు. అక్కడ తాత లేడు. పక్కకు తిరిగి గీత వైపు చూశాడు.

మున్సామి కుర్చీలోనే నడుము నిటారుగా చేసుకుని, కుడిచెయ్యి పైకెత్తాడు.

ఎందుకెత్తాడో ఆయనకే తెలియదు. బంతి అక్కడికి రావలసిన పనిలేదు. కానీ కృనేష్ ఆ చేతిని చూసి, తల ఒక్కసారి ఊపి, మెడ నిలబెట్టాడు. రెండడుగులు వేసి తన్నాడు. ఆ చప్పుడులోనే తెలిసిపోయింది. బంతి గాలిని చీల్చుకుని నిట్టనిలువుగా లేచి, మొన కిందికి వంచుకుని, చాలా దూరాన దిగింది. డారెన్ ఫోను దించి, ఉత్త కళ్ళతో చూశాడు. ఆ తర్వాతదీ అలాగే పోయింది. ఆ తర్వాతదీ.

మున్సామి చెయ్యి దించాడు. అప్పుడు వచ్చింది నొప్పి. పొద్దుటినుంచి వీపులో కూర్చున్నది ముందువైపుకు వచ్చి, రొమ్ము మధ్యలో మోకాలు ఆనించి నొక్కుతున్నట్టుంది. ఎడమచెయ్యి తిమ్మిరెక్కింది. ఇలాంటివాళ్ళను ఆయన ఎంతమందినో పరుగుమీద తోశాడు. ఆ ముఖాల బూడిదరంగు తెలుసు. తన ముఖం ఇప్పుడు ఆ రంగులో ఉంటుందని కూడా తెలుసు. డారెన్ పిలుపుకు అందేంత దగ్గరలో ఉన్నాడు. పిలిస్తే పరుగెత్తుకొస్తాడు, ఆస్పత్రి ఎంతో దూరం లేదు, శ్రీదేవి ఇంకా డ్యూటీలోనే ఉండవచ్చు. పిలిస్తే ఇదంతా ఇక్కడితో ఆగిపోతుంది. కృనేష్ బంతి కింద పారేసి వచ్చేస్తాడు. ఈ డారెన్ రాత్రికి బ్రిస్బేన్ దిగిపోవాలి, మళ్ళీ కొండెక్కి వస్తాడో రాడో.

ఇంకొన్ని తన్నులే కదా అనుకున్నాడు. తర్వాత చెబుదాం.

చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఒకదాన్ని ఒకటి పట్టుకుని, కదలకుండా కూర్చున్నాడు. చలిగా ఉంది. అది మాత్రం కొత్త కాదు. మనవడు మళ్ళీ తన్నాడు. బంతి కర్పూరం చెట్ల తలలు దాటి, ఎండ ఇంకా మిగిలిన పైగాలిలోకి పోయి, చిన్నదై, అక్కడ కాసేపు కదలనట్టే నిలిచింది. ఆయన మోచేతులు వాటంతటవే దగ్గరికి వచ్చాయి.

అంతా అయ్యాక డారెన్ కృనేష్ భుజం మీద చేయివేసి చాలాసేపు మాట్లాడాడు. నీకు ఎవరు నేర్పారని అడిగితే, ఎవరూ నేర్పలేదు, తాత పట్టుకునేవాడు అని వాడు చెప్పాడు. ఇద్దరూ గీత దగ్గరికి నడిచివచ్చారు. తాత తల కాస్త పక్కకు వాల్చి, కళ్ళు సగం మూసుకుని ఉన్నాడు. కునుకు పట్టిందనుకున్నాడు కృనేష్. మోకాళ్ళమీద కూర్చుని, ఒళ్ళోని చేతుల మీద చేయి వేశాడు.

"తాతా. డిడ్ యూ సీ దట్?"

ఆ చేతుల చల్లదనం వాడికి మొదట చలి అనిపించింది.

ఆ తర్వాత జరిగినదంతా తొందరతొందరగా జరిగింది. సహాయకుడు రొమ్ము నొక్కాడు, డారెన్ ఫోను చేశాడు, అంబులెన్సు గడ్డిమీదికే వచ్చింది. కృనేష్ అందులో ఎక్కాడు, మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ముడుచుకుని. డారెన్ వెనకాలే తన కారులో వెళ్ళి, ఆస్పత్రి వాకిట్లో రంజన వచ్చేదాకా ఉన్నాడు. ఆ రాత్రి అతను బ్రిస్బేన్ దిగలేదు.

దహనానికి శ్రీదేవి వచ్చింది. పొద్దున్నే చెయ్యి పట్టుకుని లాక్కుపోవలసింది అని రంజనతో రెండు మూడుసార్లు అంది. లాగినా వచ్చేవాడు కాదు అని రంజన బదులిచ్చింది. మా నాయన సంగతి నాకు తెలుసు, అడిగినా చెప్పడు, అందుకే ఒక్కసారి అడిగి వెళ్ళిపోయాను అంది. ఆ మాట అన్నాక ఆమెకు ఏడుపు వచ్చింది.

తర్వాతి వారంలో డారెన్ ఫోను చేసి, కృనేష్‌ను తీసుకుంటానన్నాడు. మెల్‌బోర్న్‌లో కొన్నాళ్ళ శిక్షణ, ఆపైన అమెరికా మాట. తొందరేమీ లేదన్నాడు. కృనేష్ జవాబు చెప్పలేదు. చాలా రోజులు బంతి ముట్టుకోలేదు, గదిలోంచి బయటికి రావడమే తక్కువ. ఒక సాయంత్రం ఒంటరిగా మైదానానికి పోయి, ఒక్కసారి తన్ని, బంతి పడ్డచోటిదాకా తనే నడిచి వెళ్ళాడు. పొద్దుగూకేదాకా అక్కడే, ఆ అరిగిన ఎర్రమట్టిలో నిలబడ్డాడు. ఇంటికొచ్చి, వెళ్తానమ్మా అని చెప్పాడు. రంజన సరే అంది. బడి ముగిశాక, కొత్త సంవత్సరం మొదట్లో వెళ్ళాడు. వంటింట్లో ఇప్పుడు ట్యూబులైటు కింద ఎవరూ మెడ వంచరు. రంజన రాత్రి డ్యూటీలు అడిగి వేయించుకుంటోంది.

ఆనాటి హడావుడిలో ఆ కుర్చీని మడిచేవాళ్ళు లేకపోయారు. డారెన్ దాన్ని మరిచిపోయాడు. ఎవరిదో వాళ్ళే వచ్చి తీసుకుపోతారని, గడ్డి కోసే మనిషి ఎత్తి కంచె పక్కన, చెట్ల కింద పెట్టాడు. ఎవరూ రాలేదు. ముదురాకుపచ్చ గుడ్డ ఎండకు వెలిసి, మధ్యలో ఒక మనిషి కూర్చున్నంత మేర కిందికి సాగి ఉంది. వాన పడినప్పుడు ఆ పల్లంలో నీళ్ళు నిలుస్తాయి, కర్పూరం ఆకులు రాలి వాటిమీద తేలుతుంటాయి.